ఎల్ పాసో నుంచి ఒక్క రోజులో గ్వాడలూప్ శిఖరం: మన కొండల అలవాటు అక్కడ సరిపోతుందా?

పర్లాకిమిడి_మాస్టారు | ఆగస్టు 12, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. నేను పర్లాకిమిడిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. వయసు 61. నవంబరులో నేనూ మా ఆవిడా అమెరికాలో ఎల్ పాసోలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి ఆరు వారాలకు వెళ్తున్నాం. వాడుండే ఊరికి తూర్పున రెండు గంటల దూరంలో గ్వాడలూప్ మౌంటెన్స్ నేషనల్ పార్కు ఉంది. టెక్సాస్ రాష్ట్రం మొత్తంలో ఎత్తయిన శిఖరం అక్కడే, 8,751 అడుగులు. దాని ఫొటో చూసిన రోజు నుంచీ నాకు నిద్ర పట్టడం లేదు.

చిన్నప్పటి నుంచి ఏటా శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కుతున్నవాణ్ణి. ఉద్యోగంలో ఉండగా సవర పల్లెల్లో జనాభా లెక్కలకు కొండలన్నీ నడిచాను. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష కోసం తిరిగిన కొండలే అవి. కాబట్టి నడక కొత్త కాదు. కానీ ఎడారి కొండ ఎప్పుడూ చూడలేదు. ఒక్క రోజులో ఎక్కి దిగాలంటే ఏమేం చూసుకోవాలి? మా అబ్బాయి తోడు వస్తాడు. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు, ఆమెని ఒంటరిగా ఇంట్లో వదలడం నాకిష్టం లేదు. అక్కడికి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే వివరంగా చెప్పండి.

జయపురం_బండి | ఆగస్టు 12, రాత్రి 9:15

మాస్టారూ, మా దేవమాలి కూడా ఒడిశాలో అన్నిటికంటే ఎత్తు, 1,672 మీటర్లు. కానీ దాదాపు పైదాకా బండి పోతుంది. అక్కడ అలా ఉండదనుకుంటాను. గునుపూర్ తమ్ముడు టెక్సాస్‌లోనే ఉన్నాడు కదా, వాణ్ణి పిలవండి.

గునుపూర్_టు_మిడ్‌ల్యాండ్ | ఆగస్టు 13, ఉదయం 7:05

పిలిచారు, వచ్చాను. మాస్టారూ, నమస్కారం. నేను గునుపూర్‌వాణ్ణి, మిడ్‌ల్యాండ్‌లో చమురు బావుల పనిలో ఉన్నాను. ఆ శిఖరం మూడుసార్లు ఎక్కాను, ఒకసారి సగంలో దిగిపోయాను. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఎత్తు లెక్క. దేవమాలి 1,672 మీటర్లన్నారు అన్నయ్య. గ్వాడలూప్‌లో నడక మొదలయ్యే పైన్ స్ప్రింగ్స్ దగ్గర కారు దిగే చోటే 1,770 మీటర్ల పైన ఉంటుంది. అంటే మన రాష్ట్రపు శిఖరం కంటే పైన నిలబడి మీరు నడక మొదలుపెడతారు. అక్కడి నుంచి ఇంకో 3,000 అడుగులు, సుమారు 915 మీటర్లు ఎక్కాలి. పై కొస 2,667 మీటర్లు. రానూపోనూ దాదాపు 8.4 మైళ్లు, మన లెక్కలో 13.5 కిలోమీటర్లు. పార్కువాళ్లు 6 నుంచి 8 గంటలు పడుతుందంటారు. అది నిజమే, మీ వయసుకి 8 అనే లెక్కేసుకోండి.

దారి ఎలా ఉంటుందంటే, మొదటి మైలున్నర అన్నిటికంటే నిటారు. మలుపు మీద మలుపు, రాళ్ల మెట్లు, నీడన్నది లేదు. చాలామంది ఇక్కడే ఊపిరి అందక కూర్చుండిపోతారు. ఆ తర్వాత ఒక చోట దారి కొండ అంచునే పోతుంది, పక్కన లోయ. వెడల్పు చాలినంత ఉంటుంది గానీ గాలి వీచే రోజు గోడవైపే నడవాలి. అది దాటాక కొండకి ఉత్తరపు వైపు తిరుగుతాం, అక్కడ పైన్ చెట్లొస్తాయి, కాస్త నీడ. అలా మూడు మైళ్లు దాటాక ఒక గుట్ట మీదికి చేరతాం. అదే శిఖరమనుకుని సంబరపడిపోతారు కొత్తవాళ్లు. కాదు. అసలు శిఖరం ఇంకో మైలు దూరంలో ఎదురుగా కనిపిస్తుంది. కొంచెం దిగి, చిన్న చెక్క వంతెన దాటి, మళ్లీ ఎక్కాలి. కొసన ఉక్కుతో చేసిన మూడు పలకల స్తూపం ఉంటుంది. బటర్‌ఫీల్డ్ టపా బళ్లు 1858లో ఈ కొండల కిందుగానే పోయేవి, వాటి నూరేళ్ల గుర్తుగా 1958లో ఒక విమానాల కంపెనీ పెట్టించింది. దాని పక్కన నిలబడితే కింద ఎల్ కాపిటాన్ రాతి గోడ, పడమర వైపు తెల్లగా ఉప్పు మైదానం.

ఇక నేను సగంలో దిగిపోయింది గాలి వల్ల. మార్చి నెల. అంచు దారిలో నిలబడలేక నేల మీద కూర్చుండిపోయాను. నా టోపీ ఏ లోయలో ఉందో. అక్కడ గంటకి 80 మైళ్ల గాలులు కూడా వీస్తాయి, చలికాలం చివర నుంచి వేసవి ముందుదాకా మరీ ఎక్కువ. నవంబరు మంచి నెలే, అయినా ముందురోజు రాత్రి గాలి సూచన చూడకుండా బయల్దేరొద్దు.

రాయగడ_కొండదారి | ఆగస్టు 13, ఉదయం 10:30

మాస్టారూ, నేను రాయగడలో టీచర్ని. నా ప్రశ్న దారి గురించి కాదు, దిగడం గురించి. మన దగ్గర అందరూ ఎక్కడం గురించే మాట్లాడతారు. మోకాలు పోయేది దిగేటప్పుడే. 915 మీటర్లు రాళ్ల మీద దిగాలంటే చేతికర్రలు రెండు ఉండాలి, ఒకటి సరిపోదు. అమ్మగారి సంగతి వేరే ఆలోచించాలి, ఆ దారిలో ఆమెని తీసుకెళ్లొద్దు.

ఇంకోటి, ఆడవాళ్లు అడగడానికి మొహమాటపడతారు, నేనే అడుగుతున్నాను. దారిలో మరుగుదొడ్లు ఉన్నాయా?

గునుపూర్_టు_మిడ్‌ల్యాండ్ | ఆగస్టు 13, ఉదయం 11:10

మంచి ప్రశ్న అక్కా. నడక మొదలయ్యే చోట ఉన్నాయి. ఆ తర్వాత దారి పొడవునా ఏమీ లేవు. నీళ్లు కూడా అంతే. కింద కుళాయి ఉంది, అక్కడ నింపుకోవాలి. పైకి వెళ్లాక చుక్క దొరకదు. మాస్టారూ, దీన్ని రెండుసార్లు చదవండి. మన మహేంద్రగిరిలో దాహమేస్తే నాలుగు అడుగులేస్తే ఏదో ఊట, ఏదో వాగు. మన పర్లాకిమిడి పక్క నుంచి పారే మహేంద్రతనయ పుట్టేదే ఆ కొండలో కదా. ఆ అలవాటుతో సీసా ఒకటి పట్టుకుని వెళ్లేవాళ్లే అక్కడ ఇబ్బంది పడేది. పార్కువాళ్లు మనిషికి రోజుకి ఒక గ్యాలన్ అంటారు, 3.8 లీటర్లు. నేను నాలుగు అంటాను.

అమ్మగారి కోసం మెకిట్రిక్ లోయ ఉంది. అదే పార్కు, వేరే గేటు. మైదానం లాంటి దారి, రెండుంపావు మైళ్లు దాటాక ప్రాట్ గారి రాతి ఇల్లు వస్తుంది. రానూపోనూ 4.8 మైళ్లు. వాలెస్ ప్రాట్ అనే చమురు భూగర్భ శాస్త్రవేత్త 1930ల మొదట్లో అక్కడి సున్నపురాయితోనే కట్టుకున్నాడు. తర్వాత ఆ భూమిని పార్కు కోసం దానం చేశాడు. ఆ లోయలో మాత్రం వాగు పారుతుంది, కానీ అందులో కాలు పెట్టనివ్వరు. అక్టోబరు చివర నుంచి నవంబరు మొదటి వారాల్లో అక్కడి మేపుల్ చెట్లు ఎర్రబడతాయి. ఎడారి మధ్యలో ఆ ఎరుపు చూసినప్పుడు మా అమ్మని తీసుకురాలేకపోయానే అనిపించింది.

సిరొంచ_గోదారి | ఆగస్టు 13, మధ్యాహ్నం 2:20

సార్, నాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. మాది ఎడారి కాదు గని ఎండ సంగతి మాకు ఎరుకే. మే నెలల తునికాకు తెంపనీకి జనం చీకట్ల లేచి అడివికి పోతరు, పది కొట్టేసరికి మోపులు నెత్తిన పెట్టుకొని ఇంటికి మర్లుతరు. మా తాత సొరకాయ బుర్రల నీళ్లు తీస్కపోయెటోడు. బుర్ర సగమైనంక ఏడున్నా ఇంటి మొఖం పట్టాలె అనెటోడు, ఆకు ఎంత మిగిలినా సరే. మీరు గూడ అదే పట్టుకోండ్రి. నాలుగు లీటర్లు ఉంటే రెండు అయినకాడ ఎక్కుడు బంద్.

నవంబరుల ఎండ ఉండదు గదా అని మోసపోవద్దు. పొడి గాలిల చెమట ఆరిపోతది, తడి కనవడది. నీళ్లు పోయినయని ఒంటికి తెలిసేసరికి తల తిరుగుతది.

బరంపురం_మందులషాపు | ఆగస్టు 13, రాత్రి 9:50

సిరొంచ అన్న చెప్పింది అక్షరాలా నిజం. నేను ఫార్మసిస్టుని, రెండు మాటలు.

మాస్టారూ, మీరు బీపీ మాత్ర వాడుతున్నారా? వాడితే అందులో మూత్రం ఎక్కువ చేసే మందు కలిసుందేమో చూడండి. చాలా బీపీ మాత్రల్లో అది జతగా ఉంటుంది. అలాంటిది వేసుకుని ఎనిమిది గంటలు నడిస్తే ఒంట్లో నీళ్లూ ఉప్పూ రెండూ తగ్గుతాయి. మీ అంతట మీరు మానేయొద్దు, వెళ్లే ముందు మీ డాక్టరు గారితో ఆ రోజు సంగతి ప్రత్యేకంగా మాట్లాడండి. అలాగే నడుస్తూ ఒళ్లు నొప్పులకి మాత్రలు మింగొద్దు. ఒంట్లో నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు ఆ నొప్పి మాత్రలు కిడ్నీలకి చేటు, బీపీ మందు వాడేవాళ్లకి మరీను.

ఉత్త నీళ్లే లీటర్లకి లీటర్లు తాగినా ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడుతుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి. ప్యాకెట్ మీద ఎంత నీళ్లని రాసుందో అంతే కలపండి, చిక్కగా ఉంటే మంచిదని అర లీటరులో లీటరు ప్యాకెట్ పోయొద్దు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ సెలైన్ అయిపోయినప్పుడు ఈ ఉప్పు, చక్కెర నీళ్లతోనే కలరా రోగుల్ని నిలబెట్టారు. కొలత తప్పకపోవడమే అందులో బలం. ఇది చెప్పకుండా నేను ఏ ప్యాకెట్టూ అమ్మను.

పర్లాకిమిడి_మాస్టారు | ఆగస్టు 14, ఉదయం 6:15

మీరంతా నా సొంత పిల్లల్లా చెప్తున్నారు. చాలా సంతోషం. బీపీ మాత్ర వాడుతున్నాను, చీటీ చూశాను, బరంపురం బాబు చెప్పిన మందు అందులో ఉంది. డాక్టరు గారిని కలుస్తాను.

ఒక అనుమానం. నేను కొండకి ఎప్పుడూ చోడి అంబలి, పప్పు చెక్కలు, బెల్లం, జీడిపప్పు పట్టుకెళ్తాను. అక్కడ ఏం తినాలి? పార్కులో హోటల్ ఉంటుందా?

గునుపూర్_టు_మిడ్‌ల్యాండ్ | ఆగస్టు 14, ఉదయం 7:00

ఏమీ ఉండదు మాస్టారూ. టీ కొట్టు లేదు, పెట్రోలు బంకు లేదు, బస చేసే గదులు లేవు. ఎల్ పాసోలోనే ట్యాంకు నింపుకోవాలి. ఫోను సిగ్నలు కూడా నమ్మకం లేదు, మ్యాపు ముందే ఫోనులో దించుకోండి. తిండి మీరు చెప్పినవే మంచివి. పులిహోర, పప్పు చెక్కలు. వాటిలో ఉప్పుంది, బలముంది. చోడి అంబలి మాత్రం ఇంట్లోనే పొద్దున్న తాగి బయల్దేరండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఎల్ పాసో మెక్సికో సరిహద్దు ఊరు. ఆ దారిలో సరిహద్దు పోలీసుల చెక్‌పోస్టు ఉంటుంది. మీరూ అమ్మగారూ పాస్‌పోర్టులు వెంట ఉంచుకోండి, జిరాక్సులు కాదు, అసలువి. ఆపి అడిగితే చూపించి వచ్చేయడమే, కంగారు పడక్కర్లేదు.

జయపురం_బండి | ఆగస్టు 14, ఉదయం 8:30

పాములుంటాయా అక్కడ?

గునుపూర్_టు_మిడ్‌ల్యాండ్ | ఆగస్టు 14, ఉదయం 8:45

ఉంటాయి, గిలక పాములు. తోక ఆడించి చప్పుడు చేస్తుంది, విన్న చోటే ఆగి వెనక్కి నడవాలి. చలి మొదలయ్యాక తక్కువ. పాము కంటే ఎక్కువ గాయం చేసేది లెచుగియా అనే మొక్క. మన రైలు గట్ల పక్కన పెంచే కిత్తనార జాతే, కాకపోతే చిన్నది, పిక్క ఎత్తున ఉంటుంది. ఆకు కొస సూది. దారి తప్పి ఒక్క అడుగు పక్కకి వేస్తే పిక్కలో దిగుతుంది. అలాగే నాగజెముడు. రాయి మీద చెయ్యి ఆనించే ముందు, కూర్చునే ముందు చూసుకోవాలి.

సిరొంచ_గోదారి | ఆగస్టు 14, సాయంత్రం 5:40

ఆ కొండ సముద్రం కింద పుట్టిందని చదివిన, నిజమేనా?

గునుపూర్_టు_మిడ్‌ల్యాండ్ | ఆగస్టు 14, రాత్రి 8:20

నిజం అన్నా. నా ఉద్యోగమే దాని మీద. సుమారు 26, 27 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ సముద్రం. స్పాంజీలు, నాచు, ఇంకా చిన్న చిన్న ప్రాణులు సున్నం పేర్చుకుంటూ ఒక పెద్ద గట్టు కట్టాయి. సముద్రం ఎండిపోయింది, గట్టు మట్టిలో కూరుకుపోయింది, కోట్ల ఏళ్ల తర్వాత నేల పైకి లేచి మళ్లీ బయటపడింది. మాస్టారు ఎక్కబోయేది ఆ గట్టునే. దారి పక్క రాళ్లలో ఆ ప్రాణుల అచ్చులు కళ్లకు కనిపిస్తాయి. మేము మిడ్‌ల్యాండ్‌లో తవ్వే చమురు ఆ పాత సముద్రపు నేలల్లోదే. కానీ ఒక్క రాయి కూడా జేబులో వేసుకోవద్దు, నేరం.

సిరొంచ_గోదారి | ఆగస్టు 14, రాత్రి 9:05

మంచిగ చెప్పినవ్ తమ్మీ. మా తాలూకాల పోచంపల్లి కాడ దొరికిన ఎముకలతోనే బారాపాసారస్ అనే రాక్షస బల్లిని (డైనోసార్) నిలబెట్టిండ్రు, ఇప్పుడది కోల్‌కతల ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంల ఉన్నది. మా వడధం కాడ గూడ శిలాజాల పార్కు ఉన్నది. రాయి దాని జాగల ఉంటెనే దాని కథ చెప్తది. జేబుల పడితే ఉత్త రాయే. సార్, మీ మనవలకు ఫొటోలు తెండ్రి, రాళ్లు వద్దు.

రాయగడ_కొండదారి | ఆగస్టు 20, సాయంత్రం 6:30

మాస్టారూ, వారం నుంచి ఆలోచిస్తున్నాను. శిఖరానికి ఒక రోజు, లోయకి వేరే రోజు పెట్టుకోండి. రెండూ ఒకే రోజు, మీరు పైకి, అమ్మగారు లోయలోకి అని పంచుకుంటే మీ మనసంతా ఆమె దగ్గరే ఉంటుంది. సిగ్నలు లేదంటున్నారు కదా, ఎవరికేమైందో తెలియక ఇద్దరూ నలిగిపోతారు. ఆరు వారాలున్నాయి, తొందరేముంది?

మీరు సాధన మొదలుపెట్టారా? ఇన్నేళ్ల అనుభవం వేరు, ఈ ఏటి కాళ్లు వేరు.

పర్లాకిమిడి_మాస్టారు | ఆగస్టు 20, రాత్రి 9:10

అమ్మా, నీ మాట మా ఆవిడకి చదివి వినిపించాను. "ఆ అమ్మాయి చెప్పినట్టే చెయ్యండి" అంది. రెండు రోజులు. ఖాయం.

సాధన మొదలైంది. రోజూ సాయంత్రం రెండంతస్తుల మెట్లు ఇరవైసార్లు, వీపున నాలుగు కిలోల నీళ్లతో. దసరా వెళ్లాక మహేంద్రగిరి నడిచి చూస్తాను.

పర్లాకిమిడి_మాస్టారు | అక్టోబరు 11, రాత్రి 7:45

నిన్న మహేంద్రగిరి వెళ్లొచ్చాను. ముగ్గురం. బండి కింద ఆపేసి నడిచాం. భీముడి గుడి దగ్గర మంచు, పది అడుగుల అవతల మనిషి కనపడలేదు. ఆ రాళ్లు అంత పెద్దవి అంత పైకి ఎలా చేర్చారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. కుంతి గుడిలో దీపం పెట్టి దిగాం.

ఇక లెక్కలు, ఇదే నేను చేయగలిగిన పని. గడియారం, ఫోనులో ఎత్తు చూపించే యాప్ పెట్టుకుని రాసుకున్నాను. నాలుగు లీటర్ల బరువుతో నేను గంటకి 250 మీటర్ల ఎత్తు ఎక్కగలుగుతున్నాను, అంతకు మించితే మాట రావడం లేదు. గ్వాడలూప్ 915 మీటర్లు. అంటే మూడు గంటల నలభై నిమిషాలు, ఆగే సమయం కలిపితే నాలుగున్నర. పొద్దున్న 7:15కి మొదలుపెడితే 11:45కి పైన. పలచటి గాలికి ముప్పావు గంట వదిలాను. అందుకని 12:30కి ఎక్కడ ఉంటే అక్కడి నుంచి వెనక్కి. దిగడానికి మూడు గంటలు, 3:30కి కారు దగ్గర. పొద్దు ఐదుకి గుంకుతుందట, గంటన్నర చేతిలో ఉంటుంది.

ఆరు గంటల నడకకి నేను తాగింది రెండున్నర లీటర్లు. మన తేమ గాలిలోనే ఇంతయితే అక్కడ నాలుగు అన్నది ఎక్కువ కాదు.

ఒక దెబ్బ కూడా తగిలింది. కొత్త బూట్లు సరిగ్గా పాదం కొలతకి కొన్నాను. దిగేటప్పుడు వేళ్లు ముందుకి గుద్దుకుని రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడ్డాయి. షాపువాడు "సరిపోయాయి" అన్నాడు, నేనూ చదును నేల మీద నాలుగడుగులు వేసి సరే అన్నాను. కొండ దిగే బూటు ముందు వేలెడు ఖాళీ ఉండాలి. మందపాటి మేజోళ్లతో కొలవాలి.

రాయగడ_కొండదారి | అక్టోబరు 11, రాత్రి 8:30

గోళ్లు ముందురోజు పొట్టిగా కత్తిరించుకోండి మాస్టారూ. దిగే ముందు బూటు తాడు చీలమండ దగ్గర బిగించి కట్టండి, పాదం ముందుకి జారదు.

అబ్బాయి సాధన చేస్తున్నాడా?

పర్లాకిమిడి_మాస్టారు | అక్టోబరు 11, రాత్రి 9:00

వాడికి 32 ఏళ్లమ్మా. కుర్రాడు, వాడికి సాధనేమిటి?

గునుపూర్_టు_మిడ్‌ల్యాండ్ | అక్టోబరు 29, ఉదయం 6:50

మాస్టారూ, మీరు బయల్దేరే ముందు చివరి మాట. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. దాంతో పొద్దు ఒక్కసారిగా ఆరు నుంచి ఐదుకి జరుగుతుంది. మీ లెక్క కొత్త సమయానికి సరిపోయింది, చూశాను. మెకిట్రిక్ గేటు ఆ సమయంలో సాయంత్రం 4:30కే మూసేస్తారు, కారు లోపల ఉండిపోకూడదు. శని ఆదివారాలు వద్దు. రంగుల నెలలో కారు పెట్టే చోటు పొద్దున్నే నిండిపోతుంది. తలకి కట్టే దీపం ఒకటి ఉంచుకోండి, వాడకపోయినా సరే.

పర్లాకిమిడి_మాస్టారు | నవంబరు 10, రాత్రి 9:30

ఎల్ పాసో నుంచి రాస్తున్నాను. ఇవాళ వెళ్లొచ్చాం. శిఖరం చేరలేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

ఐదింటికి ఇంట్లో బయల్దేరాం, 7:10కి నడక మొదలుపెట్టాం. చలి, కానీ గాలి లేదు. మొదటి మైలున్నర తమ్ముడు చెప్పినట్టే ఊపిరి తీసింది. నా లెక్క ప్రకారం గంటకి 250 మీటర్లు, ఒక్క అడుగు కూడా తొందరపడలేదు. నాది గొట్టమున్న నీళ్ల సంచి, పది నిమిషాలకోసారి గుక్కెడు. మా అబ్బాయి ముందు నడిచి, మలుపులో కూర్చుని, నేను వచ్చేసరికి లేచి మళ్లీ నడుస్తున్నాడు. అంచు దారి దాటాం. పైన్ చెట్ల నీడలో పులిహోర తిన్నాం. వాడు రెండు ముద్దలు తిని చాలన్నాడు. నాకు అప్పుడే తెలియాల్సింది.

10:50కి ఆ మొదటి గుట్ట మీదున్నాం. అసలు శిఖరం ఎదురుగా. నాకు ఇంకా గంటా నలభై నిమిషాలు చేతిలో ఉంది, కాళ్లు బాగున్నాయి, ఆకాశం గాజులా ఉంది. అప్పుడు వాడు రాయి మీద కూర్చుని తల పట్టుకున్నాడు. కణతలు పగిలిపోతున్నాయన్నాడు, వాంతి చేసుకున్నాడు. సంచి విప్పి చూశాను. నాలుగు లీటర్లలో మూడున్నర అలాగే ఉన్నాయి. సీసాలు సంచి అడుగున పెట్టుకున్నాడు, తీయడం బద్ధకమై తాగలేదు. పొద్దున్న కారులో కాఫీ తప్ప ఏమీ లేదు. రోజంతా కుర్చీలో పని, ఈ మధ్య ఏ కొండా ఎక్కలేదు.

"నాన్నా, నేనిక్కడ కూర్చుంటాను, మీరు వెళ్లి రండి" అన్నాడు. మైలు దూరం. వెళ్లి రావడానికి రెండు గంటలు. నిజం చెప్తున్నాను, ఒక్క క్షణం నా కాళ్లు అటే చూశాయి. కానీ తలనొప్పి, వాంతి ఉన్నవాణ్ణి 8,000 అడుగుల మీద ఒంటరిగా వదలడం ఏ తండ్రి లెక్కలోనూ కుదరదు. ఓఆర్‌ఎస్ కలిపి కొద్దికొద్దిగా తాగించి, 11:10కి దిగడం మొదలుపెట్టాం. వాడి సంచి కూడా నేనే మోశాను. నూటయాభై, రెండు వందల మీటర్లు దిగేసరికి మొహంలో రంగొచ్చింది. 2:30కి కారు దగ్గర. నా గోళ్లు బాగున్నాయి.

దిగుతూ ఒకసారి వెనక్కి చూశాను, కళ్లు చెమర్చాయి. దాచుకోను. మూడు నెలలు నా మోకాలు, నా బీపీ, నా ఊపిరి గురించే లెక్కలేశాను. అక్టోబరులో రాయగడ అమ్మాయి అడిగిన ఆ ఒక్క ప్రశ్న లెక్కలోకి తీసుకోలేదు.

బరంపురం_మందులషాపు | నవంబరు 11, ఉదయం 9:00

సరైన పని చేశారు మాస్టారూ. ఎత్తు వల్ల కావచ్చు, నీళ్లు లేక కావచ్చు, రెండూ కలిసి కావచ్చు. అక్కడ కూర్చుని ఏదని తేల్చుకోలేం. ఏదైనా మందు ఒకటే, కిందికి దిగడం. అబ్బాయికి ఇప్పుడెలా ఉంది?

పర్లాకిమిడి_మాస్టారు | నవంబరు 11, ఉదయం 9:40

రాత్రి చారన్నం తిని పడుకున్నాడు. పొద్దున్నే లేచి ఆఫీసుకి వెళ్లాడు.

పర్లాకిమిడి_మాస్టారు | నవంబరు 14, రాత్రి 8:15

ఈ రాసేది మాస్టారి ఇంటావిడని. ఆయన ఫోనే. నిన్న ముగ్గురం మెకిట్రిక్ లోయకి వెళ్లాం. నా మోకాళ్ల సంగతి మీరంతా అడిగారు కదా, నాలాంటి వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

చుడీదార్ వేసుకున్నాను, మోకాళ్లకి పట్టీలు, రెండు కర్రలు. దారి చదునే గానీ గులకరాళ్లు, కాలు బెణక్కుండా చూసుకోవాలి. అరగంటకోసారి ఐదు నిమిషాలు కూర్చున్నాను. వెళ్లడానికి రెండు గంటలు పట్టింది, రావడానికీ అంతే. ఆ రాతి ఇంటి అరుగు మీద కూర్చుని పప్పు చెక్కలు తిన్నాం. చెట్లు కొన్ని అప్పటికే రాల్చేశాయి. మిగిలినవి మోదుగ పూసినట్టున్నాయి. ఒక చెట్టుకి బెరడు ఎర్రగా, నున్నగా, పసిపిల్ల చెయ్యిలా ఉంది. మాడ్రోన్ అంటారట. వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున రాయి లెక్కపెట్టొచ్చు. ముట్టుకోలేదు.

రాత్రి మోకాళ్లు వాచలేదు. వేడి నీళ్ల కాపడం పెట్టుకున్నాను, అంతే.

ఆయన శిఖరం గురించి ఏమీ అనడం లేదు. కానీ రోజూ రాత్రి ఆ పుస్తకంలో లెక్కలు తీసి చూసుకుంటున్నారు. నాకు తెలుసు.

గునుపూర్_టు_మిడ్‌ల్యాండ్ | నవంబరు 15, ఉదయం 7:20

అమ్మగారూ, చాలా సంతోషమేసింది. మాస్టారూ, డిసెంబరు మొదటి మంగళవారం నాకు సెలవు. గాలి సూచన 30 మైళ్ల లోపుంటే నేను వస్తాను, కలిసి ఎక్కుదాం. అంతకంటే ఎక్కువుంటే ఫోను చేసి ఆపేస్తాను, ఏమీ అనుకోవద్దు.

పర్లాకిమిడి_మాస్టారు | నవంబరు 15, ఉదయం 8:05

బాబూ, తప్పకుండా. మా అబ్బాయి కూడా వస్తానంటున్నాడు. శిఖరం చేరకుండా తిరిగొచ్చిన మర్నాటి నుంచి సాయంత్రాలు ఇక్కడి ఫ్రాంక్లిన్ కొండల్లో సంచితో నడుస్తున్నాడు, నాలాంటి గొట్టం సంచి కొనుక్కున్నాడు. ఈసారి వాడి వేగం కూడా రాసుకుని లెక్క కడతాను. పొద్దున్న ఏడింటికి పైన్ స్ప్రింగ్స్ దగ్గర ఉంటాం.

గునుపూర్_టు_మిడ్‌ల్యాండ్ | నవంబరు 15, ఉదయం 8:12

అది మీ ఏడు మాస్టారూ. పార్కు, ఎల్ పాసో ఒకే గడియారం. మా మిడ్‌ల్యాండ్ గంట ముందు, నాకు ఎనిమిది. నేను ఎనిమిదికి వస్తాను, మీరు ఏడుకి రండి, ఇద్దరం ఒకేసారి చేరతాం.